అమ్మాజీ గారి వంటగదిలో మోగని అలారం

2021 డిసెంబరు. భద్రాచలంలో గోదావరి కరకట్టకు కాస్త ఇవతల, పర్ణశాల వెళ్ళే టెంపోలు ఆగే సందులో ఒక భోజనాల మెస్ ఉండేది. బోర్డు మీద ఏదో దేవుడి పేరు రాసి ఉన్నా ఊళ్ళో అందరూ అమ్మాజీ గారి మెస్ అనే అనేవాళ్ళు. మెస్ మీద రెండంతస్తుల లాడ్జి. నన్ను ఆ మెస్‌కు మొదట రప్పించింది ఎండుమిరపకాయల ఘాటు. పొద్దున్నే కింద తాలింపు పడితే చాలు, పైన లాడ్జిలో దిగిన యాత్రికులు దగ్గుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగి వచ్చేవాళ్ళట. "రాముణ్ణి చూద్దామని వస్తే ఆయన దగ్గరికే పంపేట్టున్నారు" అని ఒక పెద్దాయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని గొడవకు దిగాడట. ఖమ్మం మిర్చి అంటే మాటలా!

నాది కొత్తగూడెం. హోటళ్ళు, హాస్టళ్ళు, ఫంక్షన్ హాళ్ళ వంటగదులకు ఎగ్జాస్ట్ హుడ్‌లు, గ్యాస్ లీక్ డిటెక్టర్లు, మంట లేస్తే వాటంతట అవే ఆర్పే సిస్టమ్‌లు బిగించడం నా పని. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివాను. మా నాయన బొగ్గు బావిలో పనిచేశాడు. భూమి లోపల గ్యాస్ ఏం చేస్తుందో తెలిసిన మనిషి కాబట్టి ఇంట్లో అగ్గిపుల్ల గీసే ముందు కూడా ఒక్క క్షణం ఆగి గాలి పీల్చి చూసేవాడు. మా అమ్మ నవ్వేది. ఆ అలవాటు నాకూ అంటింది, దానితోనే బతుకుతున్నాను.

కొలతలు తీసుకుందామని వెళ్ళిన రోజు అమ్మాజీ గారు గల్లా దగ్గర కూర్చుని ఉన్నారు. నన్ను పైకీ కిందికీ చూశారు.

"మెకానిక్ ఎప్పుడొస్తాడమ్మా?"

"నేనే అక్కా మెకానిక్‌ను."

"నువ్వా? మరి నిచ్చెన ఎవరెక్కుతారు?"

"నేనే ఎక్కుత."

"అయ్య బాబోయ్, పడితేనో?"

"పడితే మీ పప్పన్నం తిని లేస్త. ముందు వంటగది చూపించున్రి."

ఆవిడ పడీపడీ నవ్వారు. గోదావరి జిల్లాలో పుట్టి, పెళ్ళయి దమ్మపేట వైపు రైతు కుటుంబంలోకి వచ్చారు. భర్త పోయాక పొలం మరిదికి అప్పగించి ఇక్కడ మెస్ పెట్టుకున్నారు. ఎన్నేళ్ళున్నా మాట మాత్రం ఆ గట్టుదే. "మెస్ పేరుకే నాదమ్మా. నిజానికి ఇది ఐలయ్య చేతులది. ఆ చేతులు లేకపోతే రేపే తాళం వేసుకుని పోవాలి" అన్నారు లోపలికి తీసుకెళ్తూ.

ఐలయ్య వంటమాస్టరు. చండ్రుగొండ మనిషి. మెస్ మొదలైన నాటి నుంచీ ఆయనే. కొలత గ్లాసూ లేదు, చెంచా లేదు. ఉప్పూ, కారమూ, చింతపండూ అన్నీ చేతి కొలతే. గుప్పిట మూసి తెరిచాడంటే వంద మందికి సరిపడా పులుసు కుదిరిపోయేది. నేను నిచ్చెన వేసుకుంటుంటే పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా నిలబడి చూస్తున్నాడు, తన రాజ్యంలోకి ఎవరో చొరబడ్డట్టు.

హుడ్ పని సులువుగానే అయింది. హుడ్ అంటే పొయ్యి మీద గొడుగులా వేలాడే స్టీలు డబ్బా. అందులో జిడ్డును పట్టే ఫిల్టర్లు, వెనక పొగను లాగే ఫ్యాను, దాన్ని మిద్దె పైకి మోసుకెళ్ళే రేకు గొట్టం. గొట్టాన్ని లాడ్జి కిటికీలు దాటించి కప్పు మీద వదిలాం. హుడ్ లోపల ఒక సన్నటి ట్యూబు కూడా కట్టాను. బాణలిలో నూనె అంటుకుని మంట పైకి లేస్తే ఆ వేడికి ట్యూబు పగిలి, మందు దానంతట అదే చల్లుతుంది. ఎవరూ మీట నొక్కక్కర్లేదు.

అయితే నన్ను భయపెట్టింది కింద ఉంది. గోడ వెంట వరసగా పెద్ద పొయ్యిలు. వాటికి పెరట్లో రేకుల గదిలో ఉన్న సిలిండర్ల నుంచి పైపు. గ్యాస్ కారితే పట్టుకునేది ఏదీ లేదు. డిటెక్టర్ పెట్టించుకోమన్నాను. అది గాలిలో గ్యాస్‌ను పసిగట్టి గంట మోగిస్తుంది. దానికి జోడుగా సోలెనాయిడ్ వాల్వ్ ఉంటుంది. కరెంటుతో పనిచేసే గ్యాస్ తలుపు అనుకోండి. డిటెక్టర్ అరవగానే అది మూసుకుపోయి సిలిండర్ల నుంచి గ్యాస్ ఆగిపోతుంది.

ఐలయ్యకు పౌరుషం వచ్చింది. "ఏంది మేడమ్, గ్యాస్ వాసన నాకు తెల్వదా? నా ముక్కు కంటే గా డబ్బా ఎక్కువనా? పులుసు మూత తియ్యకుండనే ఉప్పు ఎంత పడ్డదో చెప్త నేను."

"నీ ముక్కు మంచిదే అన్నా. నువ్వు ఇంటికి పోయినంక ఇక్కడ ఎవరి ముక్కు ఉంటది?"

అమ్మాజీ గారు నా పక్షం వచ్చారు. డిటెక్టర్ బిగించాను. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. అందుకని డబ్బాను పొయ్యి పక్కన గోడకు, మోకాలి కంటే కిందే పెట్టాలి. దాని ముఖం మధ్యలో రూపాయి బిళ్ళంత గుండ్రటి జాలీ ఉంటుంది. అదే దాని ముక్కు, దాన్నే సెన్సార్ అంటాం. బిగించి ఇటు తిరిగేలోపే అన్నం గంగాళం మోసుకొస్తున్న కుర్రాడి కాలు టక్కున దానికి తగిలింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"అక్కా, దీనికి కాలు తగలనీయొద్దు. తన్నులు తిన్నదంటే పని చెయ్యదు."

"అయ్యో, మనల్ని కాపాడేదాన్ని తన్నుతామా" అంటూ అమ్మాజీ గారు వంగి, దాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నారు.

డబ్బా పక్కన చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. వారానికోసారి నొక్కి, మోగుతోందో లేదో చూడమన్నాను. "శుక్రవారం నొక్కుతాలే, పొయ్యికి పసుపూ కుంకుమా పెట్టే రోజు, గుర్తుంటుంది" అన్నారావిడ. మంచి ఆలోచనే అనుకున్నాను.

తర్వాతి ఎండాకాలంలో ఆవిడ ఫోన్ చేశారు. గొంతులో ఆయాసం. "సరితా, అది మాట్లాడిందమ్మా!" ఏం మాట్లాడిందో అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. మధ్యాహ్నం అందరూ భోజనాల వడ్డనలో ఉండగా గంగాళం జరిపేటప్పుడు ఎవరిదో చెయ్యి తగిలి నాబ్ తిరిగింది. పక్క పొయ్యి వెలుగుతోంది. గ్యాస్ అక్కడి దాకా పాకేలోపే డిటెక్టర్ మోగి వాల్వ్ మూసేసింది. వెలిగే పొయ్యి కూడా తుస్సుమని ఆరిపోయింది. ఆవిడ వెంటనే మెస్‌లో తింటున్న వాళ్ళందరికీ సంగతి చెప్పారట. మర్నాడు బస్సులో నాకు బూరెల డబ్బా వచ్చింది. సత్తుపల్లిలో క్యాటరింగ్ చేసే ఆవిడ చెల్లెలు, దమ్మపేటలో టిఫిన్ సెంటర్ నడిపే తోడికోడలు, ఇద్దరూ నాతోనే డిటెక్టర్లు పెట్టించుకున్నారు. "మా అక్క చెప్పింది, ఇది ఇంట్లో పెద్దదిక్కులాంటిదట కదా" అని సత్తుపల్లి చెల్లెలు అడిగింది.

ఏడాది తిరిగాక సర్వీసుకు వెళ్ళాను. డబ్బా తళతళలాడుతోంది. పై మూలన చిన్న కుంకుమ బొట్టు. నాకు నవ్వొచ్చింది, ముచ్చటేసింది కూడా. నా టూల్ బాక్సుకు దసరాకు నేనూ పెడతాను. డ్రిల్ మిషన్‌కు పెడతాను. మా ఇంట్లో ఫ్రిజ్జుకే ఉంది బొట్టు. టెస్ట్ గ్యాస్ క్యాను జాలీ దగ్గర పట్టి చూశాను, వెంటనే మోగింది, వాల్వ్ మూసుకుంది. అన్నీ సవ్యంగా ఉన్నాయని చెప్పి, ఐలయ్య చేసిన గుమ్మడికాయ పులుసుతో కడుపునిండా తిని వచ్చాను.

ఆ తర్వాతి ఏడు కార్తీకమాసంలో, నా సర్వీసుకు ఇంకో నెల ఉందనగా, పొద్దున్నే అమ్మాజీ గారి ఫోన్.

"సరితా, ఐలయ్య కాలిపోయాడమ్మా."

బండి తీసి బయల్దేరాను. పాల్వంచ దాటి అడవిలోకి రోడ్డు తిరిగాక మంచు ఇంకా విడలేదు. దారంతా ఒకటే లెక్క వేసుకుంటున్నాను. నూనె అంటుకుందా? అయితే ట్యూబు పగలాలి. గ్యాస్ కారిందా? అయితే గంట మోగాలి. మోగితే ఐలయ్య లోపలికి ఎందుకు పోతాడు?

మెస్ ముందు జనం. అమ్మాజీ గారు ఐలయ్య వెంట దవాఖానాకు వెళ్ళారని చెప్పారు. కిటికీ అద్దాలు సందులో పడి ఉన్నాయి. లోపల గోడలు మసిబారాయి. హుడ్ కింద పొయ్యిల మీద సబ్బు నురగలా మందు పరుచుకుని ఉంది. హుడ్‌లో జిడ్డు అంటుకోగానే ట్యూబు పగిలి ఆర్పేసిందన్నమాట. ఆ పని జరగకపోతే రేకు గొట్టం గుండా మంట లాడ్జి దాకా పోయేది. నేను కట్టినవాటిలో ఒకటి పని చేసింది, ఒకటి చెయ్యలేదు.

జరిగింది ఇది. రోజూలాగే కుర్రాడు తెల్లారగానే సిలిండర్లు తెరిచి నీళ్ళు పట్టడానికి పోయాడు. చలికి తలుపులూ కిటికీలూ మూసే ఉన్నాయి. ఐలయ్య గోదావరిలో కార్తీక స్నానం చేసి వచ్చాడు. నాలుగు రోజులుగా చన్నీళ్ళ మునకలతో జలుబు పట్టి ముక్కు మూసుకుపోయి ఉంది. పొయ్యి దగ్గర వంగి లైటర్ నొక్కాడు. భగ్గున నేలంతా లేచింది. ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. కళ్ళు దక్కాయి. చేతులు కాలాయి.

అక్కడున్న వాళ్ళందరూ అప్పటికే తీర్పు చెప్పేశారు. "నాబ్ తిప్పి, అంటించకుండ బయటికి పోయిండు. ముచ్చట పెట్టుకుంట మర్చిపోయి మళ్ళ వచ్చి గీకిండు" అన్నాడు లాడ్జి మేనేజరు. పోలీసాయన తలాడించాడు. సిలిండర్లు తెరిచిన కుర్రాడు కూడా "అయి ఉండొచ్చు సార్" అన్నాడు, వాడి భయం వాడిది. ఇన్నేళ్ళ వంటమాస్టరుకు ఇంతకంటే చెడ్డ పేరు ఉండదు. నిప్పు దగ్గర మతిమరుపు మనిషి అన్నారంటే ఎవరూ వంటగదిలోకి రానివ్వరు.

నేను పొయ్యిల దగ్గర కూర్చున్నాను. నాబ్‌ల ప్లాస్టిక్ కరిగిపోయింది గానీ లోపలి ఇత్తడి కాడ ఎటు తిరిగి ఉందో చూస్తే తెలుస్తుంది. ఒక్కొక్కటీ చూశాను. అన్నీ మూసే ఉన్నాయి. పొయ్యి వెనక, గోడ సందులో చెయ్యి పెట్టి పైపు తడిమాను. కాలని ముక్క మీద పళ్ళ గాట్లు దొరికాయి. పందికొక్కు కొరికింది. పోలీసాయన్ని పిలిచి వేలు పెట్టి మరీ చూపించాను. "సార్, ఐలయ్య తప్పు ఏం లేదు. పైపు కారింది. మంచిగ రాసుకోండి" అన్నాను కాస్త గట్టిగానే.

ఇక డిటెక్టర్. దాని పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. అది చూడగానే నాకు ఒళ్ళు మండింది. గది అంతా కాలితే ఇది కులాసాగా కన్ను తెరుచుకుని కూర్చుంది. టెస్ట్ బటన్ నొక్కాను. గంట ఎంత గట్టిగా మోగిందంటే సందులో జనం వెనక్కి జరిగారు. టెస్ట్ గ్యాస్ జాలీ దగ్గర పట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మసి తుడిచాను. కింద పసుపు. గోరుతో గీకితే పెళ్ళలా లేచింది. వారం వారం అలికిన గడప మీద పసుపు ఎలా పేరుకుంటుందో అచ్చం అలా, పొర మీద పొర. మధ్యలో దసరాకు పెట్టిన గంధం గట్టిపడి సిమెంటులా ఉంది. జాలీలో ఒక్క రంధ్రం కూడా కనబడలేదు. మొదటి ఏడు మూలన ఉన్న బొట్టు మధ్యకు వచ్చింది. మధ్యకే వస్తుంది మరి. గుండ్రంగా ముఖంలా కనబడే వస్తువుకు బొట్టు మూలన ఎవరు పెడతారు? పిన్నుతో రంధ్రాలన్నీ తెరిచి మళ్ళీ గ్యాస్ పట్టాను. కాసేపటికి మోగింది.

ఆ బటన్ గొంతును పరీక్షిస్తుంది, ముక్కును కాదు. ప్రతి శుక్రవారం ఆవిడ పూజ చేసి బటన్ నొక్కారు. ప్రతి శుక్రవారం అది మోగింది. దాని ముక్కు మూసింది కూడా ఆ శుక్రవారాలే. ఆ చలి పొద్దున నేల మీద కూర్చుని నేను ఏడ్చాను. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

సాయంత్రానికి ఐలయ్యను ఖమ్మం పంపారు. అమ్మాజీ గారు తిరిగొచ్చి నన్ను అడిగిన మొదటి మాట, "ఎందుకు మోగలేదమ్మా?" ఆవిడ చీర కొంగు నిండా ఆస్పత్రి మందు మరకలు. "ముందు ఐలయ్యన్నను చూసొస్త అక్కా, తర్వాత చెప్త" అన్నాను. ఆ ముఖం చూస్తూ ఆ పూట చెప్పడం నావల్ల కాలేదు.

మర్నాడు ఖమ్మంలో ఐలయ్య మంచం మీద ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతి దాకా కట్లు. భార్య పక్కన కూర్చుని ఉంది.

"మేడమ్, నాబ్ ఇడిసిపెట్టిన్నా లేదా నాకే యాదికొస్తలేదు. అందరు గట్లనే అంటున్రు. నిజమేనేమో" అన్నాడు.

"అన్నా, నాబ్‌లన్నీ మూసే ఉన్నయ్. నా కండ్లతోని చూసిన. పైపును పందికొక్కు కొరికింది. నీ తప్పు లేదు."

"ఒట్టా?"

"మా నాయన మీద ఒట్టు."

ఆయన కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోవడానికి చేతులు లేవు. భార్య కొంగుతో తుడిచింది. కొంతసేపటికి ఆయనే అడిగాడు. "మరి గా మిషన్ ఎందుకు మొత్తుకోలే? నా ముక్కంటే జలుబు చేసి పని చెయ్యలే. దాని ముక్కుకేం రోగం?"

చెప్పాను.

"అక్క పెట్టిన బొట్టా... అయ్యో." తర్వాత తల నా వైపు తిప్పాడు. "గీ ముచ్చట అక్కకు చెప్పకు మేడమ్. నేనే నాబ్ ఇడిసిపెట్టిన్నని అనుకోనీ."

"ఏం మాటలన్నా అవి? నీ పేరు పోతది. రేపు వంటకు ఎవరు పిలుస్తరు?"

"గీ చేతులతోని పిలిచినా ఏం వండుత? పేరు ఏం చేసుకోను? పొద్దుగాల ఆమె ఇక్కడికొచ్చి నాకు ముద్దలు కలిపి పెట్టింది. ఇన్నేండ్లు నేను వండి పెట్టిన్నట, ఇప్పుడు ఆమె పెడతదట. గా మనిషికి నీ బొట్టుతోనే నా చేతులు కాలినయని చెప్తవా?"

కానీ సత్తుపల్లి చెల్లెలూ, దమ్మపేట తోడికోడలూ కళ్ళ ముందు మెదిలారు. అమ్మాజీ గారు చేసినట్టే వాళ్ళూ చేస్తూ ఉంటారు. ఈ పాటికి వాళ్ళ డబ్బాల ముక్కులూ మూసుకుపోతూ ఉంటాయి. అక్కడా ఎవరో ఒక వంటమనిషి పొద్దున్నే లైటర్ పట్టుకుని వంగుతాడు. అదే చెప్పాను. ఐలయ్య కళ్ళు మూసుకున్నాడు.

"గట్లయితే చెప్పాల్సిందే. మెల్లగ చెప్పు మేడమ్. బీపీ మనిషి."

ఖమ్మం నుంచి తిరిగొస్తూ దారిలోనే సత్తుపల్లికీ దమ్మపేటకూ ఫోన్ చేసి, నేను వచ్చే దాకా సిలిండర్లు తెరవొద్దన్నాను. తర్వాత నేరుగా మెస్‌కు వెళ్ళాను. అమ్మాజీ గారు ఖాళీ బెంచీ మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. ముందు నాబ్‌ల సంగతి, పైపు సంగతి చెప్పాను. ఆవిడ రెండు చెంపలూ వేసుకున్నారు. "అయ్యో, మనసులో వాణ్ణి నేనూ అనుమానించానమ్మా. దేవుడా, ఎంత పాపం!" అన్నారు. ఆ మాటలో కొంత ఊరట కూడా వినబడింది. ఆ తర్వాత నేను భయపడుతున్న ప్రశ్న మళ్ళీ వచ్చింది.

"మరి అదెందుకు మోగలేదు?"

సంచిలోంచి డబ్బా తీసి, గీకిన పసుపు పెళ్ళ అరచేతిలో పెట్టి చూపించాను. గాలి ఆ జాలీలోంచే లోపలికి పోవాలని, అది మూసుకుపోయిందని, వీలైనంత మెల్లగా చెప్పాను. ఆవిడ ఆ పెళ్ళను రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు. ఇంక నేను చెప్పాల్సింది మిగల్లేదు.

"ఇది నా పసుపే" అన్నారు. "కాలు తగలనీయొద్దన్నావు కదమ్మా. కుర్రాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా వినలేదు, తగిలిస్తూనే ఉన్నారు. బొట్టు ఉన్నదాన్ని ఎవరూ తన్నరని పెట్టాను. ఆ తర్వాత ఒక్కడి కాలు కూడా తగల్లేదు" అన్నారు.

నిజమే. డబ్బా మీద ఒక్క గీత లేదు. నేను చెప్పిన మాటను నాకు తెలిసిన కస్టమర్లందరిలోకీ ఆవిడే శ్రద్ధగా పాటించారు. ఆ సంగతి ఆవిడతో అనలేకపోయాను. ఆవిడ ఏడవలేదు. లేచి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కున్నారు. ఆపకుండా కడుక్కుంటూనే ఉన్నారు. చివరికి నేనే వెళ్ళి కుళాయి కట్టేశాను.

ఐలయ్య చాలా రోజులకు చండ్రుగొండ ఇంటికి చేరాడు. ప్రాణానికి ఢోకా లేదు. కాలిన చర్మం ముడుచుకుపోయి వేళ్ళు లోపలికి వంగిపోయాయి. గుప్పిట మూయడమూ రాదు, పూర్తిగా తెరవడమూ రాదు. చూడ్డానికి వెళ్ళినప్పుడు నా మీద కోపంగా లేడు. అదే నాకు కష్టమైంది.

"నువ్వు చెప్పినవ్, మంచే చేసినవ్ మేడమ్. నాబ్ సంగతి కూడ తేలిపాయె, నన్ను ఎవరు ఏమంటలేరు. కానీ నాబ్ నేనే ఇడిసిపెట్టిన్నని అనుకున్నప్పుడే అక్క నా దగ్గరికి వచ్చింది, ముద్ద కలిపి తినిపిచ్చింది. నువ్వు చెప్పినంక ఒక్కసారే వచ్చింది. గడపల నిలబడి నా చేతులు జూసింది. లోపటికి రాలే. గట్లనే మళ్ళిపోయింది."

"నువ్వే పోరాదు అన్నా?"

"పోతే ఏడుస్తది. ఆమె ఏడుస్తుంటే నేనెట్ల జూడాలె?"

మెస్ మళ్ళీ తెరిచారు. వంట ఇప్పుడు అమ్మాజీ గారే చేస్తున్నారు. వారానికోసారి చండ్రుగొండ వైపు పోయే బస్సులో ఐలయ్యకు క్యారియర్ పంపుతారు. నేను వెళ్ళిన రోజే అది వచ్చింది. భార్య కలిపి పెడుతుంటే ఐలయ్య ఒక ముద్ద నమిలి ముఖం ముడిచాడు. "పప్పుల ఉప్పు తక్కువైంది. అక్కకు చెప్పు."

చెప్పాను. అమ్మాజీ గారి ముఖంలో ఎన్నో నెలల తర్వాత నవ్వు చూశాను. "అంటాడు, అనడూ మరి! వాడికి నా వంట ఎప్పుడు నచ్చింది కనక. వచ్చి నేర్పమను." అంతలోనే కొంగు కళ్ళకు పోయింది. ఆ మాట ఐలయ్యకు మోసుకెళ్ళాను. "ఆమె ఏడ్వనంటే వస్త" అన్నాడు. దాన్ని ఇటు మోశాను. "అది నావల్ల కాదమ్మా" అన్నారు ఆవిడ. నా మధ్యవర్తిత్వం అక్కడితో ఆగింది. ఇప్పటికీ ఇద్దరి మధ్యా తిరిగేది ఆ క్యారియరే.

చెప్పి ఉండకూడదని నేను అనుకోను. మళ్ళీ ఆ పరిస్థితే వస్తే మళ్ళీ చెప్తాను. కానీ ఒక నిజం వల్ల ఒక మంచి స్నేహం పోయింది.

వృత్తిపరంగా ఈ కేసు నాకు నేర్పింది రెండు సంగతులు. ఒకటి, బటన్ మోగితే చాలదు. కస్టమర్ ముందే గ్యాస్ పట్టి చూపించి, సెన్సార్ వాసన పసిగడుతోందో లేదో పరీక్షించడం వాళ్ళ చేత కూడా చేయించి మరీ వస్తాను. రెండోది నేర్చుకోవడానికి ఎక్కువ టైము పట్టింది. మొదట్లో ప్రతి వంటగదికీ వెళ్ళి "దీనికి బొట్టు పెట్టొద్దు" అని కసిరేదాన్ని. ఆడవాళ్ళు "అట్లనే" అని తల ఊపేవాళ్ళు. ఎర్ర అక్షరాలతో 'ముట్టుకోరాదు' అన్న స్టిక్కర్ కూడా అంటించాను. నెల తర్వాత వెళ్తే సత్తుపల్లిలో ఆ స్టిక్కర్ మీదే కుంకుమ పెట్టి ఉంది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మనల్ని కాపాడే వస్తువుకు మొక్కొద్దంటే ఎవరు ఊరుకుంటారు? నా టూల్ బాక్సుకు పెట్టొద్దని ఎవరైనా అంటే నేను ఊరుకుంటానా?

అప్పుడు తట్టింది. ఇప్పుడు ఎక్కడ డిటెక్టర్ బిగించినా దానికి జానెడు పైన, సెన్సార్‌కు దూరంగా, గోడకు ఒక చిన్న ఇత్తడి బిళ్ళ కూడా బిగిస్తాను. "అక్కా, బొట్టు ఇక్కడ పెట్టుకోండి. ఆ కింది జాలీ దాని ముక్కు. అక్కడ పెడితే దానికి ఊపిరాడదు" అని చెప్తాను. ఒక్కరు కూడా మాట తప్పలేదు. దమ్మపేట తోడికోడలైతే ఆ బిళ్ళకు శుక్రవారం మల్లెపూలు కూడా పెడుతోంది. ముక్కు మాత్రం శుభ్రంగా ఉంటోంది.

ఆ బిళ్ళను మొట్టమొదట బిగించింది అమ్మాజీ గారి వంటగదిలోనే. ఆవిడ దగ్గరుండి బిగించుకున్నారు, బాగుందన్నారు కూడా. అన్ని చోట్లా దాని మీద పసుపు ఉంటుంది. అక్కడ మాత్రం ఇప్పటికీ ఖాళీగానే ఉంది.